తప్పుల టేపు నుంచి టైనీ బేసిక్ దాకా

1949 వేసవిలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు గణిత ప్రయోగశాలలో మారిస్ విల్క్స్ ఒక ప్రోగ్రాం రాశాడు. ఆ ఏడాది మే 6న మొదటిసారి లెక్కలు చేసి చూపిన ఎడ్‌శాక్ కంప్యూటర్‌ని కట్టించింది ఆయనే. దాని లోగుట్టు ఆయనకంటే ఎక్కువ తెలిసినవాళ్లు అప్పటికి లేరు. ఎయిరీ సమీకరణాన్ని సాధించడానికి రాసిన ఆ ప్రోగ్రాంలో ఉన్నవి 126 వరసలు. దాని కాగితపు టేపు కొన్ని దశాబ్దాల తరవాత బయటపడితే, చరిత్రకారుడు మార్టిన్ క్యాంప్‌బెల్ కెల్లీ దాన్ని వరస వెంట వరస పరిశీలించి, సుమారు 20 తప్పులున్నాయని తేల్చాడు. తన జీవితంలో మిగిలిన కాలంలో చాలా భాగం సొంత ప్రోగ్రాముల్లో తప్పులు వెతుక్కోవడానికే పోతుందని ఆ రోజుల్లో ఒకసారి మెట్లెక్కుతుండగా తనకు తట్టిందని విల్క్స్ తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. యంత్రం కట్టినవాడికే ఈ విద్య ఒక్కసారిగా పట్టుబడలేదు. రాయాలి, నడపాలి, ఎక్కడ చెడిందో వెతకాలి, మళ్లీ రాయాలి. ఇంతవరకు ఎవరూ కాదనరు. అయితే కథ చెప్పేటప్పుడు రెండో సగం జారిపోతూ ఉంటుంది. గదిలో ఒంటరిగా కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా అన్నీ కనిపెట్టేసిన కుర్రవాడి బొమ్మ మన మనసుల్లో పాతుకుపోయింది. పంచుకోవడమనేది ఆ కుర్రవాడు పెద్దవాడయ్యాక చేసే ఉపకారమన్నట్టు మాట్లాడతాం. దొరుకుతున్న ఆధారాలు అలా చెప్పడం లేదు. సగం కుదిరిన పనిని, దాని తప్పులతో సహా, తెలియనివాళ్ల ముందు పెట్టడం మొదటి నుంచీ ఈ విద్య నేర్చుకునే పద్ధతిలోనే ఉంది. ఆ భాగాన్ని తీసేస్తే ప్రయోగం ఒక్కటే ఎవరినీ ఎంతో దూరం తీసుకుపోలేదు.

కేంబ్రిడ్జిలోనే చూద్దాం. 20 తప్పుల టేపు చేతిలో ఉన్న ఆ బృందం సిగ్గుపడి దాన్ని దాచుకుని ఊరుకోలేదు. ఒకరు సరిచూసి పెట్టిన చిన్న చిన్న ప్రోగ్రాం ముక్కల్ని టేపుల మీద భద్రపరిచి, ఎవరికి కావలసిన ముక్కను వాళ్లు తమ ప్రోగ్రాంలో చేర్చుకునేలా ఒక గ్రంథాలయం ఏర్పాటు చేశారు. వర్గమూలం లెక్క ఒకరు ఒకసారి కుదిరిస్తే చాలు, తరవాతివాళ్లు ఆ పాట్లు మళ్లీ పడనక్కరలేదు. వాళ్లలో ఒకడైన స్టాన్లీ గిల్ 1951లో ఎడ్‌శాక్ ప్రోగ్రాముల్లో తప్పుల్ని ఎలా కనిపెట్టాలన్న విషయం మీదే ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. తప్పు చేయడం కూడా పదిమందితో చెప్పుకోదగిన విషయమేనని ఒక శాస్త్రవేత్త అచ్చులో ఒప్పుకోవడం అది. అదే ఏడాది విల్క్స్, డేవిడ్ వీలర్, గిల్ కలిసి రాసిన పుస్తకం తమ గ్రంథాలయంలోని ముక్కల్ని ఆదేశాలతో సహా బయటపెట్టింది. వేసవి తరగతులూ పెట్టారు. 1951 సెప్టెంబరులో ఆ తరగతులకు నెదర్లాండ్స్ నుంచి వచ్చిన యువకుడొకడు తరవాతి కాలంలో ప్రోగ్రామింగ్‌కు గణితపు క్రమశిక్షణ నేర్పిన పెద్దగా పేరు తెచ్చుకున్నాడు. ఆయన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. ఈ వ్యాసంలో నేను చేస్తున్న వాదానికి అందరికంటే గట్టి ఆక్షేపణ ఆయన నుంచే వస్తుంది కాబట్టి, ఆయన ఎక్కడ ఓనమాలు దిద్దాడో గుర్తుంచుకోవడం మంచిది.

అమెరికాలోనూ ఇదే వరస. 1955లో ఐబీఎం 704 యంత్రాలు కొనబోతున్న లాస్ ఏంజెలిస్ ప్రాంతపు సంస్థలు షేర్ అనే సంఘం పెట్టుకుని ప్రోగ్రాములు ఇచ్చిపుచ్చుకున్నాయి. విమానాల తయారీలో ఒకరితో ఒకరు పోటీ పడే కంపెనీలు కూడా అందులో ఉన్నాయి. అది సంస్థల మధ్య ఒప్పందం. వ్యక్తులు తమ ఇష్టం కొద్దీ చేసిన పంపకం చూడాలంటే ఎంఐటీకి వెళ్లాలి. అక్కడికి 1961లో పీడీపీ-1 యంత్రం వచ్చింది. 1962 మొదట్లో స్టీవ్ రస్సెల్ దాని తెర మీద రెండు అంతరిక్ష నౌకలు పోట్లాడుకునే స్పేస్‌వార్ ఆట తయారుచేశాడు. దాని మొదలే చూడండి. సైను, కొసైను విలువలు కట్టే ప్రోగ్రాం లేదన్న సాకుతో రస్సెల్ పని వాయిదా వేస్తూ ఉంటే, అలన్ కోటాక్ అనే మిత్రుడు ఆ యంత్రం తయారుచేసిన డెక్ కంపెనీకి వెళ్లి ఆ ప్రోగ్రాం ఉన్న టేపు తెచ్చి అతని చేతిలో పెట్టాడు. ఆట నడిచాక దాన్ని ఎవరూ తాళం వేసి ఉంచలేదు. వెనక ఉన్న చుక్కలు ఎలా పడితే అలా ఉన్నాయని పీటర్ శాంసన్ నిజమైన నక్షత్రాల పటం చేర్చాడు. మధ్యలో సూర్యుణ్ని పెట్టి గురుత్వాకర్షణ తెచ్చింది డాన్ ఎడ్వర్డ్స్. ప్రమాదంలో పడ్డ నౌక మాయమై మరోచోట తేలే ఏర్పాటు మార్టిన్ గ్రేట్జ్ చేశాడు. ఒకరు ఇంకొకరి ప్రోగ్రాం చదివితేగాని దాన్ని మార్చలేరు, మార్చడం కోసం చదివితేగాని అది ఎలా నడుస్తుందో లోతుగా తెలియదు. అక్కడ పాఠ్యపుస్తకం పని చేసింది పక్కవాడి టేపే.

వీళ్లందరికీ ఒక సౌకర్యం ఉంది. యంత్రం ముందు కూర్చోవడానికి వాళ్లకు వీలుండేది. మిగతా లోకంలో ప్రోగ్రాం రాసినవాడు కార్డులకు చిల్లులు పొడిపించి, కట్ట కట్టి కిటికీలో ఇచ్చి, గంటలకో మర్నాటికో వచ్చే ఫలితం కోసం ఎదురుచూడాల్సిందే. ఒక్క కామా తప్పితే రోజు గడిచిపోయినట్టే. అలాంటి చోట ప్రయోగం చేసి నేర్చుకోవడమన్న మాటకు అర్థం లేదు, ఎందుకంటే తప్పుకూ దాని ఫలితానికీ మధ్య ఉన్న ఎడంలో ఆలోచన తెగిపోతుంది. డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ ఆ ఎడాన్ని తగ్గించారు. 1964 మే 1 తెల్లవారుజామున వాళ్ల బేసిక్ భాషలో రాసిన ప్రోగ్రాములు రెండు టెలిటైపుల మీద ఒకేసారి నడిచాయి. ఒకే యంత్రాన్ని చాలామంది ఒకే సమయంలో వాడుకునేలా చేసిన ఆ వ్యవస్థను రాయడంలో డిగ్రీ విద్యార్థుల చెయ్యే ఎక్కువ. సైన్సు చదవని విద్యార్థి కూడా వచ్చి కూర్చుని, తప్పు రాసి, అప్పటికప్పుడు అది తప్పని తెలుసుకుని, దిద్దుకోవచ్చు. ఇక ఆ బేసిక్ ప్రోగ్రాములు కాగితం మీదికి ఎక్కడానికి ఎంతో కాలం పట్టలేదు. 1972లో బాబ్ ఆల్బ్రెక్ట్ కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో పీపుల్స్ కంప్యూటర్ కంపెనీ పేరుతో పత్రిక మొదలుపెట్టాడు. 1973లో డెక్ ఉద్యోగి డేవిడ్ అహల్ 101 బేసిక్ ఆటల పుస్తకం తెచ్చాడు. దాని తరవాతి కూర్పు పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. ఆ పుస్తకంలో ఆట గురించిన వర్ణన కొద్దిగా, ఆట తాలూకు ప్రోగ్రాం పూర్తిగా ఉండేది. పాఠకుడు దాన్ని వరస వరసగా టైపు చేసుకోవాలి. చేస్తున్నప్పుడు వేలు జారి పడ్డ తప్పుని తనే వెతికి పట్టుకోవాలి. ఆ వెతుకులాటలో ఆట ఎలా నడుస్తుందో తెలిసిపోయేది. ఒక సంఖ్య మారిస్తే ఏమవుతుందో చూడాలన్న కుతూహలం పుట్టేది.

ఈ పద్ధతి పూర్తి రూపం దాల్చింది 1975, 76 సంవత్సరాల్లో. అందుకే అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. 1975 జనవరి పాపులర్ ఎలక్ట్రానిక్స్ సంచిక అట్ట మీద ఆల్టెయిర్ 8800 బొమ్మ వచ్చింది. ఆల్బకర్కీలోని మిట్స్ కంపెనీ దాన్ని విడిభాగాల కిట్‌గా 397 డాలర్లకు అమ్మింది. దానికి కీబోర్డు లేదు, తెర లేదు. ముందు పలక మీద మీటలూ చిన్న దీపాలూ ఉంటాయి. దానితో వచ్చే మెమొరీ 256 బైట్లు. ఒక్కో బైటు ఎక్కించడానికి ఎనిమిది మీటల్ని పైకీ కిందికీ సర్ది, ఇంకో మీట నొక్కాలి. ఆ మార్చి 5న మెన్లో పార్కులో గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గ్యారేజీలో 32 మంది చేరారు. హోంబ్రూ కంప్యూటర్ క్లబ్ అలా మొదలైంది. గ్యారేజీ కథల్లో ఇదీ ఒకటి గనక ఒక సంగతి గమనించాలి. ఆ గ్యారేజీలో ఉన్నది ఒక్కడు కాదు, 32 మంది. ఆ మొదటి సమావేశానికి వచ్చిన స్టీవ్ వోజ్నియాక్ తరవాత తను తయారుచేసిన కంప్యూటర్ సర్క్యూట్ పటాల కాపీలు అదే క్లబ్బులో ఊరికే పంచిపెట్టాడు. అదే ఆపిల్ సంస్థ మొదటి యంత్రం.

ఆల్టెయిర్‌కి బేసిక్ కావాలి. బిల్ గేట్స్, పాల్ అలెన్, మాంటే డేవిడాఫ్ రాసిన బేసిక్ ఒకటి డబ్బుకు దొరికేది. అది నడవాలంటే 4 కిలోబైట్ల మెమొరీ అదనంగా కొనాలి. ఆల్బ్రెక్ట్ మనసులో ఉన్నది చిన్న పిల్లలు. ఏడేళ్ల పిల్లకు దశాంశాలతో, సైనులతో, అణు రియాక్టర్ లెక్కలతో ఏం పని? తక్కువ మెమొరీలో ఇమిడే చిన్న బేసిక్ చాలదా? ఈ ప్రశ్న ఆయన స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న డెనిస్ ఆలిసన్ ముందు పెట్టాడు. ఆలిసన్ కావాలంటే ఒక ప్రోగ్రాం రాసి ఇచ్చేసేవాడే. ఆయన అలా చేయలేదు. 1975 మార్చి నుంచి పీపుల్స్ కంప్యూటర్ కంపెనీ పత్రికలో, మీ బేసిక్‌ని మీరే కట్టుకోండి అంటూ, టైనీ బేసిక్ అనే చిన్న భాష నమూనా ప్రచురించాడు. అంకెలన్నీ పూర్ణాంకాలే. చలరాశులు ఆంగ్ల వర్ణమాలలోని 26 అక్షరాలే. ఆదేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అసలు తెలివంతా అమరికలో ఉంది. బేసిక్‌ని నేరుగా యంత్రభాషలో రాయకుండా, మధ్యలో ఒక చిట్టి భాష కల్పించి, బేసిక్‌ని ఆ భాషలో రాసి చూపించాడు. పాఠకుడు తన దగ్గరున్న యంత్రానికి సరిపోయేలా ఆ చిట్టి భాషను నడిపే ఇంటర్‌ప్రెటర్ ఒక్కటి రాసుకుంటే చాలు, మిగతాదంతా కాగితం మీదే ఉంది. అంటే కావాలనే కొంత ఖాళీ వదిలిపెట్టాడు. ఆ ఖాళీ నింపినవాడు బేసిక్ వాడుకోవడంతో ఆగిపోడు, ఒక భాష లోపల ఎలా కదులుతుందో నేర్చుకుంటాడు. బోధన పద్ధతుల చరిత్రలో ఇంతకంటే తెలివైన పాఠం నాకు తెలిసి అరుదు.

జవాబులు రావడానికి ఏడాది పట్టలేదు. 1975 డిసెంబరులో టెక్సస్‌లోని టైలర్ ఊరి నుంచి డిక్ విపుల్, జాన్ ఆర్నల్డ్ తమ టైనీ బేసిక్‌ని పూర్తి కోడ్‌తో సహా పంపించారు. ఆలిసన్ నమూనాకు వాళ్లు కొన్ని సౌకర్యాలు కలిపారు కూడా. 3 కిలోబైట్లకు కొంచెం తక్కువ. దాన్ని అష్టాంశ అంకెల వరసలుగా అచ్చువేశారు. టెలిటైపు లేని పాఠకుడు ఆ అంకెల్ని చూస్తూ మీటల్ని దాదాపు 3 వేల సార్లు సర్దుకోవాలి. ఇలాంటివి అచ్చువేయడం కోసమే 1976 జనవరిలో డాక్టర్ డాబ్స్ జర్నల్ పుట్టింది. ఆ పేరులోని డాబ్, డెనిస్, బాబ్ పేర్ల కలయిక. ఏవో మూడు సంచికలు ఫొటోకాపీ తీసి ఆపేద్దామనుకున్నది దశాబ్దాల పాటు నడిచింది. జిమ్ వారెన్ దానికి సంపాదకుడు. ఒక హైస్కూలు విద్యార్థి తన సొంత చిన్న భాషను పంపాడు. టైనీ బేసిక్‌లో లేని ఏర్పాటు, అక్షరాల వరసలతో పని చేయడం, అందులో ఉంది. అది కూడా రెండు కిలోబైట్ల లోపే. మే సంచికలో లిచెన్ వాంగ్ రాసిన పాలో ఆల్టో టైనీ బేసిక్ వచ్చింది. దాని పరిమాణం 1.77 కిలోబైట్లు. హక్కులన్నీ మావే అని రాయాల్సిన చోట దాన్ని తలకిందులు చేసి, ఎవరైనా వాడుకోవచ్చన్న అర్థం వచ్చే చమత్కారపు వాక్యం పెట్టాడు వాంగ్. ఒకరి ప్రయత్నం అచ్చయిన తరవాతి నెలల్లో ఇంకొకరు దాన్ని మరింత కుదించి, లేదా ఇంకో సౌకర్యం చేర్చి పంపేవారు. దిద్దుబాట్లూ అచ్చయ్యేవి. ఒక సంస్థ జీతాలిచ్చి పెట్టుకున్న బృందం ఇంత తక్కువ కాలంలో ఒకే సమస్యకు ఇన్ని పరిష్కారాలు రాబట్టి, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చి చూసి ఉండేదా? నాకు నమ్మకం లేదు. ఆ పోలికలోనే పాఠకులు తమ విద్య నేర్చుకున్నారు. ఒకే పనిని నలుగురు నాలుగు రకాలుగా చేసినప్పుడు ఏది ఎందుకు చిన్నదైందో తెలిసిపోతుంది.

ఇక్కడే మొదటి పెద్ద ఆక్షేపణ ఎదురవుతుంది. 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ రాసిన బహిరంగ లేఖ చాలా పత్రికల్లో వచ్చింది. ఆల్టెయిర్ యజమానుల్లో పదో వంతు కూడా తమ బేసిక్‌ని కొనలేదనీ, దాని తయారీకి ఖర్చయిన కంప్యూటర్ సమయం విలువ 40 వేల డాలర్లు దాటిందనీ, రాయల్టీ లెక్కవేస్తే తమ శ్రమకు గంటకు రెండు డాలర్లు కూడా రావడం లేదనీ ఆయన వాదించాడు. పని చేసినవాడికి కూలి దక్కకపోతే మంచి సాఫ్ట్‌వేర్ ఎవరు రాస్తారన్న ప్రశ్న న్యాయమైనదే. ఆయన ఆగ్రహానికి కారణమూ ఉంది. 1975లో పాలో ఆల్టోలో జరిగిన ఒక ప్రదర్శన నుంచి ఆ బేసిక్ టేపు ఒకటి బయటికి పోయింది, క్లబ్బు సభ్యులకు దాని కాపీలు పంచేశారు. అయితే ఆ పంపకాన్నీ టైనీ బేసిక్ పంపకాన్నీ ఒకే గాటన కట్టడం సరికాదు. చేతులు మారిన ఆ టేపులో ఉన్నవి యంత్రం మాత్రమే చదవగల చిల్లులు. కాపీ చేసుకున్నవాడికి బేసిక్ దక్కింది, విద్య దక్కలేదు. ఆవకాయ జాడీ ఇంటింటికీ పంచడం వేరు, కారం, ఉప్పు, ఆవపిండి పాళ్లు చెప్పి మీరే కలుపుకోండి అనడం వేరు. మొదటిది యజమాని అనుమతి లేకుండా జరిగితే తప్పే. రెండోదానిలో ఇచ్చినవాడు తన సొంతదాన్ని తనే ఇష్టపడి ఇచ్చాడు. నేను మాట్లాడుతున్నది ఆ రెండో ఆచారం గురించి. గేట్స్ లేఖ దాని జోలికి రాదు.

నిజానికి ఆ ఆచారంలో గేట్స్ కూడా పెరిగాడు. 1968, 69 ప్రాంతంలో సియాటిల్‌లోని ఒక కంప్యూటర్ కేంద్రం ఆయనకూ ఆయన బడి మిత్రులకూ యంత్రాన్ని ఉచితంగా వాడుకోనిచ్చింది. అందుకు బదులుగా వాళ్లు ఆ వ్యవస్థలోని లోపాల్ని వెతికి చెప్పాలి. ప్రోగ్రామింగ్‌కు ఉత్తమమైన తయారీ ఏమిటని తరవాత ఒక ఇంటర్వ్యూలో అడిగితే, ప్రోగ్రాములు రాయడం, ఇతరుల మంచి ప్రోగ్రాములు చదవడం అని గేట్స్ చెప్పాడు. తను చెత్తబుట్టల్లోంచి ఆపరేటింగ్ సిస్టం లిస్టింగులు ఏరుకుని చదివానని కూడా అందులోనే అన్నాడు. ఇతరుల కోడ్ చదవకుండా పెద్ద ప్రోగ్రామర్ కావచ్చన్న వాదానికి ఆయన జీవితం సాక్ష్యం కాదు, ఎదురు సాక్ష్యం. ఇక కూలి సంగతి. టామ్ పిట్‌మన్ 6800 చిప్ కోసం టైనీ బేసిక్ రాసి 5 డాలర్లకు అమ్మాడు. ఆర్డర్లు వచ్చాయి. కాపీ చేసుకునే శ్రమకన్నా కొనడం తేలికైనంత చవగ్గా పెడితే దొంగతనం ఉండదని వారెన్ అదే ఏడాది అన్నాడు. ఇది అన్ని రకాల సాఫ్ట్‌వేర్‌కీ వర్తించదు, నేను ఒప్పుకుంటాను. దశాంశాలతో లెక్కలు చేసే గేట్స్ బృందపు బేసిక్ టైనీ బేసిక్‌కంటే బలమైనది, దానికి నెలల శ్రమ పట్టింది. కానీ ఉచితంగా పంచిన పని వ్యాపారాన్ని చంపుతుందన్న భయానికి 1977లోనే జవాబు దొరికింది. రేడియో షాక్ ఆ ఏడాది 600 డాలర్ల లోపు ధరకు తెచ్చిన టీఆర్‌ఎస్-80 కంప్యూటర్‌లోని మొదటి బేసిక్‌కి ఆధారం పత్రికలో అచ్చయిన వాంగ్ ప్రోగ్రామే.

రెండో ఆక్షేపణ ఇంతకంటే లోతైనది. ఇష్టమొచ్చినట్టు ప్రయోగాలు చేసి, సాటి అనుభవం లేనివాళ్లకు చూపించి నేర్చుకుంటే చెడు అలవాట్లే పాతుకుంటాయి గదా? డైక్‌స్ట్రా 1975 జూన్‌లోనే, టైనీ బేసిక్ నమూనా పత్రికలో వస్తున్న రోజుల్లోనే, బేసిక్ మీద పెరిగిన విద్యార్థులకు మంచి ప్రోగ్రామింగ్ నేర్పడం దాదాపు అసాధ్యమని చాలా కటువుగా రాశాడు. ఆయన మాటలో నిజముంది. ఆ పత్రికల్లోని లిస్టింగులు తిరగేస్తే ఎటుపడితే అటు దూకే గోటూ ఆదేశాలు, అర్థం తెలియని ఒంటి అక్షరం పేర్లు, వివరణ లేని చిక్కుముళ్లు కనిపిస్తాయి. వేల వరసల ప్రోగ్రాం అలా రాస్తే ఎవరికీ అంతుపట్టదు. ప్రోగ్రాం నడిచిందంటే అది సరైనదేనన్న భ్రమ ప్రయోగంతో నేర్చుకునేవాళ్లకు సులువుగా అంటుకుంటుంది. దాని మందు సిద్ధాంతమే, ఆ సిద్ధాంతం విశ్వవిద్యాలయాల నుంచి వచ్చింది. ఇక్కడివరకు డైక్‌స్ట్రాతో నాకు పేచీ లేదు.

కానీ ఆయన సొంత పద్ధతి ఏమిటో చూడండి. దశాబ్దాల పాటు తన ఆలోచనల్ని ఎక్కువగా చేతిరాతలోనే చిన్న చిన్న పత్రాలుగా రాసి, వరస సంఖ్యలు వేసి, ఫొటోకాపీలు తీసి కొద్దిమంది మిత్రులకు పంపేవాడు. వాళ్లు మళ్లీ కాపీలు తీసి పంచేవారు. అలాంటివి 1300కు పైగా ఉన్నాయి. ప్రచురణకు తుదిరూపం ఇవ్వని ఆలోచనల్ని, దారి మధ్యలో ఉండగానే, నలుగురి చేతుల్లో పెట్టడమే గదా అది? మరో మహానుభావుడు డొనాల్డ్ కనూత్. తన పుస్తకాల్లో తప్పు పట్టినవాళ్లకు 2.56 డాలర్ల చెక్కు రాసి పంపడం 2008 దాకా ఆయన ఆచారం. అచ్చుపనికి పనికొచ్చే టెక్ వ్యవస్థను రాసి, 1986లో దాని మొత్తం కోడ్‌ని వివరణలతో పుస్తకంగా వేశాడు. అంతటితో ఆగక, దాన్ని రాసేటప్పుడు దొర్లిన తప్పులన్నిటి జాబితాను 1989లో ఒక పత్రంలో బయటపెట్టాడు. అవి 800కు పైగా ఉన్నాయి. ప్రతి తప్పు ఎందుకు జరిగిందో కూడా వర్గీకరించాడు. సిద్ధాంతంలో ఆరితేరిన మనిషి తన పొరపాట్ల దినచర్యను లోకం ముందు పరిచాడంటే, ఈ ఆచారం కుర్రకారు వేలంవెర్రి అనడానికి వీల్లేదు. డైక్‌స్ట్రాకూ డాక్టర్ డాబ్స్ పాఠకులకూ తేడా ఎంత తెలుసన్న దానిలో ఉంది. తెలిసినదాన్ని మెరుగుపెట్టుకున్న దారి ఇద్దరిదీ ఒకటే. చెడు అలవాటు ముదిరేది ఎవరి కంటా పడనప్పుడే. వాంగ్ ప్రోగ్రాం 1.77 కిలోబైట్లకు దిగిందంటే, అంతకుముందు వచ్చినవాటిలోని వృథా అందరికీ కనబడేలా అచ్చులో ఉండటం ఒక కారణమని నా వాదం.

మూడోది ఆక్షేపణ అనడంకన్నా లోటు అనాలి. ఈ ఆచారం అందరికీ అందుబాటులో ఉండేది కాదు. హోంబ్రూ క్లబ్బుకు వచ్చినవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లు, ఎలక్ట్రానిక్స్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, 397 డాలర్లు సరదాకి ఖర్చు పెట్టగలిగినవాళ్లు. అదే కాలంలో హైదరాబాదులో ఈసీఐఎల్ కంప్యూటర్లు తయారుచేస్తూనే ఉంది. 1969లో వచ్చిన దాని టీడీసీ-12 దేశంలో ఒక మైలురాయి. కానీ ఆ యంత్రాలు ప్రయోగశాలలకూ సంస్థలకూ వెళ్లేవి, ఏ తెలుగు కుర్రవాడి గదిలోకీ వచ్చేవి కావు. యంత్రం చేతికి రానిచోట తప్పు చేసే స్వేచ్ఛ ఉండదు, తప్పు చేయనిచోట పంచుకోవడానికి ఏమీ ఉండదు. తరవాతి రోజుల్లో అమీర్‌పేట శిక్షణ కేంద్రాలు వేలమందికి ఉద్యోగపు దారి చూపాయి. ఆ సేవను తక్కువ చేయలేను, ఫీజు కట్టి యంత్రం ముందు కూర్చోవడం కూడా ఒకప్పుడు గగనమే. అయితే అక్కడ నోట్సు ఒకే దిశలో నడుస్తుంది. విద్యార్థి రాసిన ప్రోగ్రాం తెలియని పాఠకుడి దగ్గరికి వెళ్లి, దిద్దుబాటుతో తిరిగి వచ్చే ఏర్పాటు కోర్సు చట్రంలో లేదు.

అలాంటి ఏర్పాటు తెలుగువాళ్ల మధ్య పుట్టినప్పుడు ఏం జరిగిందో చెప్పడానికి మంచి ఉదాహరణే ఉంది. 1990ల తొలినాళ్లలో అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు యంత్రాలు అందుబాటులోకి వచ్చాయి, తెలుగు అక్షరాలు మాత్రం ఆ యంత్రాల్లో లేవు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్నవాళ్లు ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాసుకునే ఒక పద్ధతి తయారుచేశారు. చిన్న టి కొడితే త, పెద్ద టి కొడితే ట. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. ఆ విశ్వవిద్యాలయం పేరు మీదే దానికి ఆర్‌టీఎస్ అన్న పేరు నిలిచింది. అలా రాసినదాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చే ప్రోగ్రాం కూడా వాళ్లే రాసి, అడిగినవాళ్లకల్లా ఇచ్చారు. అదే కాలంలో అమెరికాలోని మరికొందరు తెలుగువాళ్లు కనూత్ బయటపెట్టిన టెక్ వ్యవస్థ మీద తెలుగు అక్షరాలు గీసి, తెలుగులో అచ్చువేసుకునే సాధనం తయారుచేసి ఉచితంగా విడుదల చేశారు. కనూత్ తన కోడ్‌ని దాచుకుని ఉంటే ఆ పని మొదలయ్యేదే కాదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చేదాకా మామూలు కంప్యూటర్లలో తెలుగు సరిగా కనబడలేదు. ఆ పదేళ్లూ తెలుగువాళ్లు ఒకరికొకరు తెలుగులో రాసుకోగలిగారంటే అది ఏ కంపెనీ చలవా కాదు. 2000ల మధ్యలో పద్మ, లేఖిని వంటి పనిముట్లు తయారుచేసినవాళ్లు కొత్త పద్ధతి కనిపెట్టనవసరం లేకపోయింది. అక్షరాల జతలన్నీ ఆర్‌టీఎస్‌లో సిద్ధంగా ఉన్నాయి, పదేళ్లపాటు వందలమంది రాసి, గొణిగి, సూచనలు చేసి నలగగొట్టినవి. లేఖిని కూడా పద్మ కోడ్‌ని ఆధారం చేసుకునే లేచింది. టైలర్ నుంచి పాలో ఆల్టోకి టైనీ బేసిక్ నడిచిన దారిలోనే హ్యూస్టన్ నుంచి మన కీబోర్డుల దాకా ఇది నడిచింది. ఇందులో పని చేసినవాళ్లలో ఎక్కువమందికి భాషా సాంకేతికతలో డిగ్రీలు లేవు. వాళ్లకు ఉన్నవి ఒక అవసరం, చేతికందిన యంత్రం, అంతకుముందువాళ్లు తెరిచిపెట్టిన కోడ్, తమ తప్పుల్ని మర్నాడే ఎత్తిచూపే తెలుగు పాఠకులు.